మట్టిలో తెగిపోయిన తీగ

రిటైరై బస్సు దిగి ఆరేళ్ళవుతున్నా వీధిలో ఆయన్ని అందరూ డ్రైవరుగారనే పిలుస్తారు. సర్వీసులో ఉండగా డ్యూటీ అయ్యాక తిన్నగా ఇంటికి వచ్చే అలవాటు ఆయనకి లేదు. డిపో వర్క్‌షాపులో వెల్డింగు వాళ్ళ పక్కన చేరి, బతిమాలి రాడ్డు అందుకుని, తిట్లు తింటూ ఆ పని కొంత నేర్చుకున్నారు.

ఇంట్లో మేడ మెట్లకి పట్టుకునే కమ్మీ లేదు. భార్యకి మోకాళ్ళు అరిగిపోయాయి. తడి బట్టల బకెట్టుతో గోడని పాముకుంటూ పైకి ఎక్కుతుంది. వెల్డింగు షాపతను రేపొస్తా, ఎల్లుండొస్తా అంటూ రెండు వేసవులు దాటించాడు. విసుగొచ్చి, మిషనేదో మనమే కొనేద్దామని డ్రైవరుగారు బావమరిదిని వెంటేసుకుని దుకాణానికి వెళ్ళారు.

దుకాణంవాడు రెండు మిషన్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి నలుగురికి పట్టే అన్నం క్యారియరంత ఉంది, ఒంటి చేత్తో లేచింది. రెండోది ఎత్తడానికి నడుం వంచాలి. దాని వైర్లు బొటనవేలంత లావు. దాని ఖరీదుకి చిన్నవి మూడొస్తాయి.

"చిన్నది నాలుగైదు రాడ్లు కాలిస్తే వేడెక్కి ఆగుతుంది. కాసేపాగి మళ్ళీ చేసుకోవాలి. పెద్దది రోజంతా నడుస్తుంది," అన్నాడు దుకాణంవాడు.

"రోజంతా నడపడానికి మనమేమైనా షాపు పెడుతున్నామా బావా? ఒక కమ్మీకి, ఒక పూలకుండీ స్టాండుకి ఆ గుదిబండ ఎందుకు?" అన్నాడు బావమరిది.

డ్రైవరుగారికీ ఆ మాట సబబుగానే తోచింది. ఎప్పుడో ఒకసారి చేసే పనికి ఏనుగుని కొని ఇంట్లో కట్టుకోవడం దేనికి? చిన్నదే తెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. మెట్లు అప్పుడే కడిగి ఉన్నాయి. ఆయన పాత డ్యూటీ బూట్లు, తోలు గ్లవుజులు తొడుక్కుని, ముఖానికి నల్లద్దం అడ్డం పెట్టుకుని రెండు అతుకులు వేశారు. అతుకు బాగానే కుదిరింది. చిన్నదైనా చురుకైనదే అనుకున్నారు. ఇంతలో భార్య టీ గ్లాసుతో వచ్చింది.

"నీళ్ళలో పెట్టారేంటండీ దీన్ని?" అంటూ గ్లాసు కింద పెట్టి, మిషన్ని పొడి మెట్టు మీదికి జరపబోయింది. ఆమె కాళ్ళకి చెప్పులు లేవు.

ఆ తర్వాత ఆమె నోట మాట లేదు. ఆయన అద్దం పక్కకి తీసి చూసేసరికి, ఆమె వంగినది వంగినట్టే ఉంది. చెయ్యి మిషన్ని వదలడం లేదు. నోరు తెరుచుకుని ఉంది, గొంతులోంచి ఏ శబ్దమూ రావడం లేదు. ఏదో సరదాకి అలా చేస్తోందని ఒక్క క్షణం అనుకున్నారాయన. ఆ క్షణం ఆయన్ని ఈనాటికీ వదల్లేదు. గెంతుకుంటూ వెళ్ళి ప్లగ్గు ఊడబీకారు. ఆమె పక్కకి ఒరిగి, ఖాళీ బస్తాలా గోడకి జారబడింది.

ఆసుపత్రిలో గుండె చూశారు, అరచేతి మీద కాలిన చోట కట్టు కట్టారు. సాయంత్రం దాకా ఉంచి, గండం తప్పిందని పంపేశారు. ఆటోలో ఆమె అన్నది ఒకటే మాట: "టీ చల్లారిపోయుంటుంది."

మర్నాడు కరెంటు పనివాడొచ్చి మిషను మూత విప్పాడు. లోపలి వైరు ఒకటి మూత అంచు కింద నలిగి, రాగి బయటపడి, ఇనప డబ్బాకి తగులుతోంది. బావమరిది తల దించుకున్నాడు. డ్రైవరుగారు చెప్పులు తొడుక్కున్నారు.

"ఆ దుకాణంవాడి సంగతి ఇవాళ తేల్చేస్తాను."

"తేల్చుదువుగాని ఆగన్నా. మిషను పాడే, కాదన్ను. కానీ డబ్బాలోకి వచ్చిన కరెంటుని ఎర్త్ తీగ నేలలోకి లాగేయాలి, ఫ్యూజు కొట్టేయాలి. మరి ఎందుకు కొట్టలేదు?" అన్నాడు పనివాడు.

అతను రెండు తీగలున్న బల్బు ఒకటి తీసి గోడకున్న ప్లగ్గు పాయింటులో కింది రెండు కన్నాల్లో పెట్టాడు. వెలిగింది. ఒక తీగ తీసి పై కన్నంలో, ఎర్త్ ఉండాల్సిన చోట పెట్టాడు. వెలగలేదు. వంటింట్లో, ఫ్రిజ్ దగ్గర, బట్టలుతికే మిషను దగ్గర, స్నానాల గదిలో గీజరు దగ్గర, అన్ని చోట్లా పెట్టి చూశాడు. ఎక్కడా వెలగలేదు. పెరట్లో తవ్వి చూస్తే, ఎప్పుడో చాకిరేవు రాయి దగ్గర గచ్చు వేసినప్పుడు పార దెబ్బకి తెగిన ఎర్త్ తీగ మట్టిలో తుప్పు పట్టి కనబడింది.

డ్రైవరుగారు స్నానాల గది గడప దగ్గర నిలబడి గీజరు వైపు చూశారు. సెలవులకొచ్చే మనవరాలు ఆ గీజరు కిందే గంటలు గంటలు నీళ్ళాడుతుంది.

"ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోందని మీకు చెప్పానుగా?" అంది భార్య, కోపమేమీ లేకుండానే. "తడి చేత్తో ముట్టుకోకన్నారు."

అన్నారు. పేపర్లోంచి తల ఎత్తకుండా అన్నారు. అది కూడా గుర్తొచ్చింది.

ఆ వారంలోనే కొత్త ఎర్త్ గొయ్యి తవ్వించారు. కరెంటు లీకైతే తటాలున ఆపేసే స్విచ్ కూడా పెట్టించారు. ఆ తర్వాతే దుకాణానికి వెళ్ళారు. ఈసారి భార్య కూడా వచ్చింది.

"వందలో ఒకటి అలా వస్తుందమ్మా. మార్చి ఇస్తాను," అన్నాడు దుకాణంవాడు.

"ఆ ఒక్కటీ నా చేతికే దొరికింది బాబూ. పెద్దదాని మూత విప్పి చూపించు."

విప్పాడు. వైర్లన్నీ రబ్బరు గొట్టాల్లోంచి పద్ధతిగా వెళ్తున్నాయి, ఎర్త్ తీగ డబ్బాకి బిగించి ఉంది. అదే కొన్నారు. బావమరిది నడుం వంచి దాన్ని ఆటోలోకి మోశాడు.

"ఇది కొన్నాం కదా అని మొండిధైర్యం పనికిరాదు. ఇంట్లో తీగ తెగితే ఏ మిషనైనా ఒకటే," అందామె దారిలో.

కమ్మీ పూర్తయింది. పెయింటు ఆరాక ఆమె ముందు దాన్ని షాకేమైనా కొడుతుందేమోనని చేతివేళ్ళ వెనక వైపుతో తాకి, ఆ తర్వాతే పట్టుకుని ఎక్కింది. ఆయన కింద నిలబడి చూస్తూ ఉండిపోయారు.

ఇక పనివాడి ఆ రెండు తీగల బల్బు ఆయన చేతికే వచ్చేసింది. పనివాణ్ణి అడిగి వాడే పద్ధతి నేర్చుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగారు. సగానికి పైగా ఇళ్ళలో ఎర్త్ కన్నంలో పెడితే బల్బు వెలగలేదు. ఒక ఇంట్లో అసలు కన్నం వెనక తీగే లేదు.

ఎదురింటి పెద్దాయన నవ్వేశాడు. "ఇన్నేళ్ళూ బానే ఉన్నాం కదయ్యా. ఇప్పుడేం వచ్చింది?"

"మేమూ బానే ఉన్నామండీ," అన్నారు డ్రైవరుగారు, "ఆ పొద్దున టీ తెచ్చేదాకా."