ఏసమ్మ చూసిన వీపులు

చర్చిలో చివరి చాప మీద, గోడ వారన చోటు దొరికితే చాలు ఏసమ్మకు. మోకాళ్ళ నొప్పులనీ, గోడకు ఆనుకోకపోతే కూర్చోలేననీ అందరికీ చెప్పేది. ఆ మోకాళ్ళకేం, గుండ్రాళ్ళలా ఉన్నాయి. ఆమె అక్కడ చేరేది ముందున్న ఆడవాళ్ళ వీపులు చూడటానికి.

మార్కాపురం చుట్టుపక్కల ఇప్పుడు మగ్గం వర్కు లేని జాకెట్టుతో పెళ్ళిళ్ళు కావడం లేదు. పెళ్ళికి కుట్టించిన ఆ జాకెట్టే తర్వాత ఆదివారాలు చర్చికొస్తుంది. నెమళ్ళు, మామిడి పిందెలు, పూసలు, ఉన్న సింగారమంతా వీపు మీదే. పాల్ రాజు పాస్టరు గారు ప్రసంగంలో నోవహు ఓడలోకి జంతువులను ఎక్కిస్తుంటే, ఏసమ్మ నెమలి తోకలో కుట్లు చూసుకునేది.

వారమంతా ఆమె పని పలకల కార్ఖానాలో. పెచ్చులూడిన పలకలు ఇంటికి తెచ్చుకునేది. శుభలేఖలు, చాక్లెట్ కాగితాలు, పాత క్యాలెండర్లు సన్నగా కత్తిరించి, మైదా బంకతో ఆ పలకల మీద కుట్టుకు కుట్టు అతికించేది. నల్లటి పలక మీద అచ్చం జాకెట్టు వీపే!

కోత పండుగకు అందరూ దేవుడికని కోళ్ళూ గుమ్మడికాయలూ తెచ్చారు. ఏసమ్మకు కోడీ లేదు, పొలమూ లేదు. పలకలు మూటగట్టుకొచ్చి గోడకు వరసగా ఆనించింది. ఆడవాళ్ళు మూగారు. ఎవరి వీపు వాళ్ళకు తెలియలేదు గానీ, మిగతా అందరి వీపులూ తెలిశాయి.

"ఈడ పిన్నీసు పెట్టుకుందెవరబ్బా?" అని రెబెకా ఒక పలక చూపించి పడీ పడీ నవ్వింది.

"నువ్వే వదినా," అంది ఇందు.

రెబెకా చెయ్యి వెనక్కి పోయింది. పిన్నీసు అక్కడే ఉంది.

పాస్టరయ్య కూడా తెగ మెచ్చుకున్నాడు. ఇంతలో ఆయనకు ఏదో తట్టింది.

"ఇన్ని వీపులు ఎప్పుడు చూసినావు ఏసమ్మా?"

దేవుడి మందిరంలో అబద్ధమాడటం ఆమె వల్ల కాలేదు. "తమరు వాక్యం చెప్పేటప్పుడు అయ్యగారూ."

"పోయిన వారం నేనేం చెప్పినాను?"

"పోయిన వారం... విజయమ్మ పచ్చ జాకెట్టు వేసుకొచ్చింది."

"వచ్చే ఆదివారం నుంచి నువ్వు ముందు చాప మీద, నా ఎదురుగా కూర్చోవాల!"

ఏసమ్మకు అన్నం సహించలేదు. ముందు చాప నుంచి కనబడేది పాస్టరయ్య తెల్ల చొక్కా ఒక్కటే. దాంట్లో గుండీలు తప్ప ఏముంది అతికించడానికి? వారమంతా కత్తెర ముట్టలేదు, ఏడుపొక్కటే తక్కువ.

ఆదివారం బలికి పోయే గొర్రెలా చర్చిలో అడుగుపెట్టింది. ఎప్పుడూ బోసిగా ఉండే ముందు చాపలు కిక్కిరిసి ఉన్నాయి. గంట కొట్టకముందే వచ్చిన ఆడవాళ్ళు, బీరువాల్లోంచి తీసిన పెళ్ళి జాకెట్లతో, కొంగులు వీపుకు అడ్డం రాకుండా సర్దుకుని కూర్చున్నారు.

"కాస్త జరగండమ్మా, అయ్యగారు ఈడ కూర్చోమన్నాడు," అంది ఏసమ్మ.

"జరిగేది లేదత్తా," అంది రెబెకా. "నువ్వు ముందుకొస్తే మా వీపులెవరు చూడాల? పో, నీ గోడకాడికి పో. ఇదో, ఈరోజు పిన్నీసు లేదు, బాగా చూసుకో."

పాస్టరయ్య లోపలికొచ్చి నిలబడిపోయాడు. తన ప్రసంగం వినడానికి జనం ముందు చాపల కోసం తోసుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఏసమ్మ సంగతే మరిచిపోయి, తడి కళ్ళతో, పాపం, దేవుడికి కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టాడు.

అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది చివరి చాప మీది ఏసమ్మే.