అక్క అపెండిక్సు పాతదా, కొత్తదా?

దేశంలో ఇన్ని సమస్యలుండగా మా పెద్దమ్మ కూతురి అపెండిక్సు గురించి రాస్తున్నందుకు, సవినయంగా, సభాముఖంగా క్షమాపణలు కోరుతున్నాను.

స్వరూపక్క చదువుకోవడానికి ఆస్ట్రేలియా వెళ్తోంది. ఆరోగ్య బీమా లేనిదే వీసా ఇవ్వరట. అక్క చదివి చెప్పినా నమ్మని పెద్దమ్మ, ఈ సాయంత్రం ఆ కాగితాలు చదవడానికి నన్ను ముదినేపల్లి పిలిపించింది. పంటి వైద్యానికి డబ్బులివ్వరనీ, వెళ్లకముందే ఉన్న జబ్బుకైతే ఏడాది దాకా ఇవ్వరనీ గంభీరంగా చెప్పాను.

పెద్దమ్మకు వెంటనే ఇంకో అనుమానం వచ్చింది.

"మరి అపెండిక్సుకో?"

"అక్కడికెళ్లాక వస్తే ఇస్తారు పెద్దమ్మా."

"వెళ్లాక రావడమేంట్రా? అది పుట్టినప్పట్నుంచీ కడుపులో ఉన్నదేగా. అంటే పాతదేగా మరి?"

"నాకు నొప్పే లేదమ్మా," అంది అక్క.

"నువ్వూరుకో. పరాయి దేశంలో నొప్పొస్తే ఎవరు చూస్తారు? ఇక్కడే తీయించేసుకుని హాయిగా వెళ్లు."

ఆమె మాటలో తప్పెక్కడుందో నాకు అంతుచిక్కలేదు. జబ్బు వేరు, అవయవం వేరు అని ఇప్పుడు అనిపిస్తోంది గానీ, బీమా వాళ్లకూ అలాగే అనిపిస్తుందో లేదో. తెలిసినవాళ్లుంటే తెల్లవారేలోగా కింద రాయండి, పుణ్యముంటుంది. రేపు పొద్దున్నే అక్కను గుడివాడలో ఆపరేషన్లు చేసే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తున్నారు.

ఇంతకీ ఇందులో నేను చేసింది ఒక్కటే. "పాతదేగా మరి?" అని పెద్దమ్మ అడిగినప్పుడు, తెలియదనడం నామోషీ అనిపించి, తలూపాను.