స్టాంపు పేపరు మీద ప్రైవసీ పాలసీ

నా వెబ్‌సైటుకు ప్రైవసీ పాలసీ లేదని ప్రకటనల కంపెనీవాళ్లు ఈమెయిలు పంపినప్పుడు నాకు మొదట కోపమే వచ్చింది. బడి వదిలాక ఓ గంటసేపు మా ఊరు బేతంచెర్ల ముచ్చట్లు రాసుకునే ఎలిమెంటరీ స్కూలు అయ్యవారిని నేను. రెండువేల ఎనిమిది ప్రాంతం. మా వీధిలో కంప్యూటరున్నది మా ఇంట్లోనే. సైటును సగం సార్లు చూసేది నేనే. పక్కన రెండు ప్రకటనలు పెడితే ఫోను బిల్లుకైనా సాయమవుతుందని దరఖాస్తు చేస్తే, ప్రైవసీ పాలసీ ఒకటి, డిస్‌క్లెయిమర్ ఒకటి కావాలన్నారు.

సొంత ముచ్చట్లకు కూడా కాగితాలెందుకని మా బడిలో లెక్కల సారును అడిగాను. ఆయనకు ఇంటర్నెట్టు తెలియదు. అయినా అభిప్రాయం మాత్రం సిద్ధంగా ఉంటుంది. "ప్రకటన పెడితే అది అంగడే కదప్పా. అంగడికి కాగితాలుండాల," అన్నాడు. ఇంగ్లీషు సైట్లలోని పాలసీలు నాలుగైదు తెరిచి చూశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని చూసి రాయడానికి అయ్యవారిగా నాకు మనసొప్పలేదు. మా ఊళ్లో కాగితం పని పడితే ఎవరైనా చేసేది ఒకటే. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చునే దస్తావేజు రైటరు దగ్గరికి పోతారు. నేనూ పోయాను.

రైటరు పొలం అమ్మకాలు, భాగ పరిష్కారాలు రాసి రాసి ముసలివాడైనవాడు. వెబ్‌సైటంటే ఏమిటో ఓపిగ్గా విన్నాడు. నాలుగు దిక్కులా హద్దులు చెప్పమన్నాడు. లేవన్నాను.

"హద్దుల్లేని ఆస్తికి తగాదాలు శానా వస్తాయి సార్," అని పెన్ను మూత తీశాడు. "సరే, చూడనొచ్చినోళ్ల గురించి మీరేమన్నా రాసి పెట్టుకుంటారా?"

"నేను రాసుకోను. ప్రకటనలవాళ్లు రాసుకుంటారంట. ఎవరొచ్చినారు, ఏం చూసినారు అని."

"అంటే మీ ఇంటి అరుగు మీద ఇంకొకడు కూసోని, వచ్చేపోయేటోళ్ల గురించి రాసుకుంటాండాడు. అది మీకు తెలుసు. వచ్చినోళ్లకు తెలీదు. చెప్పాల్నా వద్దా?"

చెప్పాలన్నాను. ఇంగ్లీషు సైట్లన్నీ కలిసి చెప్పలేకపోయిన సంగతి ఇదే.

సాక్షులు ఇద్దరు కావాలి. ఒకడు పక్క బల్ల మీది స్టాంపు వెండరు. రెండోవాణ్ణి నేనే వెంటబెట్టుకు వచ్చాను. మూడో తరగతి దాకా నా పక్కన కూర్చున్న స్నేహితుడు. ఇప్పుడు బండల పాలిష్ ఫ్యాక్టరీలో లోడింగు మేస్త్రి. సరుకు వివరాలుండే లారీ చీటీ చేతిలోకి తీసుకుని, పైనుంచి కిందికి చూసి, తను తలూపితే తప్ప లారీ కదలదు. ఆ చీటీలో అంకెలు తప్ప ఒక్క అక్షరం కూడా తనకు చదవడం రాదని నాకొక్కడికే తెలుసు. సాయంత్రం మా ఇంటికొచ్చి, జేబులోంచి కాగితాలు తీసి, "కండ్లద్దాలు మరిచొచ్చినా, చదువురా," అనేవాడు. తనకు కళ్లద్దాలు లేవు. నేను చదివేవాణ్ణి. ముప్పయ్యేళ్లుగా జరుగుతున్నది ఇదే.

ఆ సంగతి మీద నేనొక వ్యాసం రాసి సైటులో పెట్టాను. బాగా నవ్వొచ్చేటట్టు రాశానని నా నమ్మకం. పేరు రాయలేదు కాబట్టి తప్పు లేదనుకున్నాను. పైగా మా ఊళ్లో ఇంటర్నెట్టు చూసేదెవరు?

పాలసీ అయిపోయింది. ఇక డిస్‌క్లెయిమరు. "ఇందులోని మనుషులందరూ కల్పితం, ఎవరినీ ఉద్దేశించి రాయలేదు," అని నేను చెప్పాను. రైటరు పెన్ను ఆపేశాడు.

"స్టాంపు పేపరు మీద ఊరికే రాయలేను సార్. ఆస్తి చూడకుండా ఎప్పుడూ రాయలేదు."

ఆయనకు చూపిద్దామని ప్రింట్లు తీసుకుపోయింది నేనే. అందులో ఏమేమున్నాయో ఆలోచించకుండా సంచిలోంచి కట్ట తీసిచ్చాను. ఆయన మధ్యలోంచి ఒకటి లాగాడు. ఏ కాగితమైనా సాక్షులకు చదివి వినిపించిన తర్వాతే సంతకం పెట్టించడం ఆయన పద్ధతి. దస్తావేజు చదివే గొంతుతో, ఎక్కడా ఆగకుండా మొదలుపెట్టాడు. మొదటి మాటకే నాకు తెలిసిపోయింది. 'కళ్లద్దాలు మరిచిపోయే మేస్త్రి.'

ఆపమని అనొచ్చు. సంచి మూతి ముడేస్తూ కూర్చున్నాను. అంకెల్లేని నోటీసొకటి తలకిందులుగా పట్టుకుని తలూపిన రోజు గురించి చదివాడు. సంతకం నేనే నేర్పానని, దాని కింద స్టైలుగా ఒక గీత గీస్తాడని, ఆ గీత చూసి ఫ్యాక్టరీవాళ్లు పెద్ద చదువులు చదివినాడనుకుంటారని చదివాడు. స్టాంపు వెండరు పకపకా నవ్వాడు. నవ్వి, పక్కనున్న మనిషిని చూసి, నవ్వు ఆపేశాడు. రైటరు మాత్రం చివరిదాకా చదివాడు. సగంలో ఆపడం ఆయనకు అలవాటు లేదు.

"కల్పితమని రాయమంటారా?" అని నన్ను అడిగాడు.

నా స్నేహితుడు జవాబు చెప్పాడు. "స్టాంపు పేపరు మీద అబద్ధమెందుకప్పా. ఆ మేస్త్రి నేనే." రైటరు అందించిన పెన్ను తీసుకోలేదు. ఇంకు ప్యాడు దగ్గరికి లాక్కుని, పాలసీ కింద ఎడమచేతి బొటనవేలు ఒత్తి, వేలు తుడుచుకోకుండానే వెళ్లిపోయాడు. వెంటపడి పిలవాల్సింది. పిలవలేదు.

పాలసీని ఇంటికొచ్చి నేనే టైపు చేసి సైటులో పెట్టాను. డిస్‌క్లెయిమరు ఇంగ్లీషు సైటు చూసి దించేశాను. ఆ రోజు మనసు అడ్డు చెప్పలేదు. వ్యాసం తీసేశాను. కంపెనీ ఒప్పుకుంది, ప్రకటనలొచ్చాయి. వాటి కింద పాలసీ మొదటి వాక్యం ఇది: "మమ్మల్ని నమ్మి వచ్చినవారి సంగతులు మేము బయట చెప్పము."

ఊళ్లో ఇంటర్నెట్టు లేకపోయినా నోళ్లున్నాయి. పది రోజులు తిరక్కముందే ఫ్యాక్టరీలో చీటీలు చూసే పని వేరేవాళ్లకిచ్చి, నా స్నేహితుణ్ణి పాలిష్ మిషన్ల దగ్గరికి పంపారు. జీతం తగ్గించలేదట. అది నాకు ఓదార్పుగా చెప్పారు.

నేను అయ్యవారిని. ఊళ్లో పిల్లలందరికీ అక్షరాలు దిద్దించాను. సాయంత్రం సాయంత్రం నా ఎదురుగా కూర్చున్నవాడికి నేర్పించాలని ముప్పయ్యేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. ఒక ఆదివారం పలకా, బలపం తీసుకుని వాళ్లింటికి పోయాను. మర్యాదగా కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. పలకను చేతిలోకి తీసుకుని చూసి, జాగ్రత్తగా నా చేతికే ఇచ్చేశాడు.

"వద్దులెండి సార్. చదువొస్తే మొట్టమొదట మీరు రాసిందే చదవాలనిపిస్తాది," అన్నాడు, ఒకటో తరగతి నుంచీ నన్ను ఒరే అని పిలిచినవాడు.