మైక్రోవేవ్‌లో పెట్టిన లిమోజ్ ప్లేటు

చికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో మా పక్కింటి డొరతీ ఆంటీ పోయిన నెల ఒక ప్లేటులో ఆపిల్ కేక్ పెట్టి ఇచ్చింది. ఎవరి ప్లేటూ ఖాళీగా తిరిగి ఇవ్వని అలవాటు మాది. అందుకని అందులో పులిహోర పెట్టాను. చల్లారిందని ప్లేటుతో సహా మైక్రోవేవ్‌లో వేడి చేయబోయాను, నా బుద్ధి తక్కువై. క్షణాల్లో నిప్పురవ్వలు లేచి, అంచున ఉన్న బంగారు గీత ఒకపక్క నల్లబడింది. తిప్పి చూస్తే వెనక ‘లిమోజ్, ఫ్రాన్స్’ అని ఉంది. అది వాళ్లమ్మగారి పెళ్లినాటి సెట్టులోది అని ఆమె చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

“అచ్చం అట్లాంటిదే కొని ఇచ్చేద్దాం. ఆమెకేం తెలుస్తది?” అన్నాడు మా ఆయన శ్రీకాంత్. నాకూ అదే నయమనిపించింది.

శనివారం ఎనిమిదిన్నరకి బయలుదేరి ఐ-90 హైవే మీద రాక్‌ఫర్డ్ దాటి విస్కాన్సిన్‌లోకి వెళ్లాం. టోల్ రోడ్డే, గంటన్నర ప్రయాణం. అక్కడొక చిన్న ఊళ్లో పాత వస్తువులు అమ్మే యాంటిక్ మాల్ పదింటికి తెరుస్తారు. అక్కడ పింగాణీ చూసుకునే వాల్టర్ అనే పెద్దాయనకి జరిగింది చెప్పాం. ఆయన మా ప్లేటు వెలుతురుకి పట్టి, దాని వెనక వేలు ఆడించాడు. వేలి నీడ ఇవతలికి కనిపించింది, అంత పల్చటి పింగాణీ. పందొమ్మిదో శతాబ్దంలో న్యూయార్క్ వ్యాపారి ఒకాయన ఫ్రాన్స్ వెళ్లి, లిమోజ్‌లో స్థిరపడి, అమెరికా వాళ్ల అభిరుచికి తగ్గట్టు పింగాణీ చేయించి ఓడల్లో పంపాడట. అలా అక్కడి ప్లేట్లు ఇక్కడి పెళ్లిళ్లకి అలవాటయ్యాయి.

అరగంట వెతికి అదే గులాబీ తీగ ఉన్న ప్లేటు తెచ్చాడు. ముప్ఫై ఎనిమిది డాలర్లు. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన రెండూ బోర్లించాడు. “ఆకుపచ్చ ముద్ర ప్లేటు చేసినవాళ్లది, ఎర్రది పూలు వేసినవాళ్లది. మీదాంట్లో ఎర్ర ముద్ర కింద చికాగో దుకాణం పేరుంది. ఇందులో లేదు. ఆమె చేత్తోనే కడుగుతుందా?”

“అవును.”

“అయితే తుడిచేటప్పుడు చూస్తుంది.”

అయినా ఆ ప్లేటు కొన్నాం. కారెక్కాక శ్రీకాంత్, “లైట్ తీస్కో, వెనక ఎవరు చూస్తరు?” అన్నాడు.

“చూసి, నాతో ఏమీ అనకుండా ఊరుకుంటే? అప్పుడు ఆమె మొహం ఎలా చూడను?”

ఆదివారం రెండు ప్లేట్లూ తీసుకెళ్లి జరిగిందంతా చెప్పేశాను. డొరతీ ఆంటీ నల్లబడ్డ అంచుని బొటనవేలితో తడిమింది. తర్వాత ఆ ప్లేటునే తన వైపు లాక్కుంది. “ఇది మా అమ్మ కడిగిన ప్లేటు. రెండోది నువ్వుంచుకో” అంది.

పాడైనదాన్ని మార్చేస్తే సరిపోతుందనుకుని మేము అంత దూరం వెళ్లాం. ఆమెకి కావలసింది కొత్త అంచు కాదు. ఇలా జత ప్లేటు కోసం వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట: ఫోటో చాలదు, ప్లేటే తువ్వాలులో చుట్టి తీసుకెళ్లండి, ముద్రలు వెనకే ఉంటాయి. ఇంకో ప్లేటు దొరికినా, ప్లేటు ఇచ్చినవాళ్లకి ముందుగా నిజం చెప్పండి. నేను చెప్పకపోయుంటే వాళ్లమ్మ ప్లేటు మా చెత్తబుట్టలో ఉండేది.