బంతిలో మొదటి ముద్ద

మా మావగారి కుడిచెయ్యి పడిపోయిన తర్వాతే మనిషి చేత్తో అన్నం ఎలా తింటాడో నేను శ్రద్ధగా గమనించాను. నాలుగు వేళ్ళు అన్నాన్ని కలిపి ఒకచోటికి చేరుస్తాయి. బొటనవేలు అప్పటిదాకా ఏ పనీ చేయదు. చెయ్యి నోటి దగ్గరకు చేరాక అది వెనుక నుంచి ముద్దను నెడుతుంది. సరిగ్గా ఆ క్షణానికే మణికట్టు లోపలికి తిరగాలి. వీటిలో ఏ ఒక్క కదలిక తప్పినా అన్నం ఒళ్ళో పడుతుంది. పక్షవాతం ఆయన దగ్గర భుజాన్ని కొంతవరకు వదిలి, మిగిలినవన్నీ తీసుకుపోయింది. స్పర్శ కూడా పోయింది.

ఆయన నరసన్నపేట దగ్గరి పల్లెలో వరి పండించిన రైతు. ఆ ఊళ్ళో ఎవరింట శుభకార్యమైనా బంతిలో మొదటి విస్తరి ఆయనదే. వడ్డన పూర్తయ్యేదాకా అందరూ ఆగేవారు. ఆయన ముద్ద ఎత్తాకే తక్కిన చేతులు కదిలేవి. చివర ఆయన లేచేదాకా ఎవరూ లేచేవారు కారు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. కానీ నేను అల్లుడిగా అడుగుపెట్టిన నాటినుంచి ఒక్కసారి కూడా తప్పడం చూడలేదు.

తినే పద్ధతి విషయంలో ఆయన చాలా కచ్చితమైన మనిషి. అన్నం వేళ్ళ రెండో కణుపు దాటి అరచేతికి అంటకూడదు. ఎడమచెయ్యి నీళ్ళ గ్లాసును తప్ప మరి దేన్నీ ముట్టకూడదు. ఎంగిలిచేత్తో పక్కవాడికి ఏదీ అందించకూడదు. ఒకసారి ఒక కుర్రాడు ఎడమచేత్తో ఫోను పట్టుకుని చూస్తూ తింటున్నాడు. ఈయన తినడం ఆపేశారు. ఆయన ఆగితే వరస ఆగింది. చప్పుడు లేకపోవడం గమనించి ఆ కుర్రాడు తలెత్తాడు.

"ఏట్రా, దానికీ ఆకలేస్తాందేటి? ఓ ఇస్తరెయ్యమంటావేటి?" అన్నారు మావగారు. బంతంతా నవ్వింది. కుర్రాడి ఫోను జేబులోకి వెళ్ళిపోయింది.

నా భార్యది పుట్టుకతో ఎడమచేతివాటం. కలం, కత్తిపీట, చీపురు అన్నీ ఆ చేతివే. అన్నం మాత్రం కుడిచేత్తో తింటుంది. చిన్నతనంలో విస్తరి ముందు కూర్చోగానే తండ్రి తన తువ్వాలుతో ఆమె ఎడమచేతిని నడుముకు కట్టేసేవాడట. ఈ సంగతి నాకు పెళ్ళయిన కొత్తల్లోనే చెప్పింది. ఫిర్యాదుగా చెప్పలేదు.

అత్తగారు అప్పటికే లేరు. అందుచేత ఆసుపత్రి నుంచి ఆయన్ను కొత్తవలసలో మా ఇంటికే తెచ్చుకున్నాం. మూడు పూటలూ నా భార్యే తినిపించేది. తినిపించేటప్పుడు గది తలుపు మూసి ఉండాలని ఆయన షరతు. అల్లుడు చూడకూడదు.

నా ఉద్యోగం ఒక కర్మాగారంలో యంత్రాల మరమ్మతు. విరిగినదాన్ని చూస్తే చేతులు ఊరుకోవు. ఒక చెంచా మెడను వంచి, దాని పిడికి మెత్తటి రబ్బరు గొట్టం తొడిగి, అరచేతికి పట్టీతో బిగించేలా తయారుచేశాను. భుజం లేచినప్పుడు చెంచా నోటికి అందుతుందని నా లెక్క. మణికట్టు తిరగకపోవడం వల్ల అది గడ్డం దాకా వచ్చి ఆగింది. పిడిని మార్చాను, వంపును మార్చాను. అక్కడే ఆగింది.

"బాబూ, నీ మిసను బాగున్నాది. నా సెయ్యే బాగోలేదు. ఇంక ఒగ్గీ," అన్నారాయన.

నా భార్యకు సహనం తక్కువ. "ఎడం సేత్తో తిను నాన్నా. శుబ్బరంగా కడుక్కుని తిను. ఎవులేటంటారు?" అంది.

"ఎవులో అనక్కర్లేదే. నేనే అంటాను."

ఆమె అన్నం గిన్నె అందుకుంది. నేను బయటికి రాగానే తలుపు మూసింది.

కొన్ని నెలల తర్వాత ఆయన తమ్ముడు గృహప్రవేశానికి పిలవడానికి వచ్చాడు. మాట పెద్దది, మనసు మంచిది. వస్తూనే మంచం పక్కన కూలబడ్డాడు.

"అన్నియ్యా, నువ్వు ముందర కూకోకపోతే బంతి లెగదు. ముందే సెప్తన్నాను."

"నేను కూకుంటే అసలు లెగదురా. నన్ను సూస్తారు, తినరు."

"ఎవుడు సూస్తాడు? సూసినోడి కంట్లో పులుసొంపీనా?"

"అంత పులుసు కాసీవేటిరా?" అన్నారు మావగారు. జబ్బు చేశాక ఆయన వేళాకోళమాడడం నేను వినడం అదే మొదలు.

తమ్ముడు వెళ్ళిపోయాక మావగారు కూతుర్ని పిలిచారు. పెట్టెలోని తెల్లపంచె ఉతికించమన్నారు. నా భార్య వంటగదిలోకి వచ్చి కళ్ళు తుడుచుకుంది. ఆయన నలుగురిలో కూర్చుని మళ్ళీ ఒక్కసారి తినగలిగితే, ఆ తలుపు ఇక మూయనక్కర్లేదని ఆమె ఆశ.

గృహప్రవేశం నాడు పందిరి కింద బల్లలు వేశారు. కుర్చీలే గనుక ఆయనకు కూర్చోవడం కష్టం కాలేదు. మొదటి కుర్చీలో ఆయన, ఎడమవైపు నా భార్య, ఆ తర్వాత నేను. మగవాళ్ళ వరసలో ఆమె కూర్చోవడం ఆ ఊళ్ళో మామూలు కాదు. ఎవరూ ఏమీ అనలేదు. అడ్డాకుల విస్తళ్ళలో అన్నం, పప్పు, పనసపొట్టు కూర వచ్చాయి. నెయ్యి వేశారు. ఇక అందరూ ఆగారు.

నా భార్య ఏం చేయబోతున్నదో నాకు ముందుగా చెప్పలేదు. ఆమె తన ఎడమచేతిని విస్తరిలో పెట్టి అన్నం కలపడం మొదలుపెట్టింది. తండ్రి కంటే ముందు తానే ఆ తప్పు చేస్తే ఆయనకు దారి దొరుకుతుందనుకుంది.

ఆయన తల తిప్పలేదు. "తియ్యి," అన్నారు, మా ఇద్దరికి మాత్రమే వినిపించేంత గొంతుతో. ఆమె చెయ్యి తీసేసింది.

అప్పుడాయన తన ఎడమచేతిని కుడి మణికట్టు కిందికి తెచ్చి, ఒక వస్తువును ఎత్తినట్టు కుడిచేతిని ఒళ్ళోంచి ఎత్తి అన్నం మీద పెట్టారు. వేళ్ళు ముడుచుకోలేదు. కొంతసేపు దాన్ని అక్కడే కదిపారు. తర్వాత అలాగే పైకెత్తి పెదవులకు ఆనించారు. గోళ్ళకు నాలుగైదు మెతుకులు అంటుకుని ఉన్నాయి. అవి నోట్లోకి వెళ్ళాయో లేదో నేను చూడలేకపోయాను. చెయ్యి లేవడం చూసి బంతి కదిలింది. మాటలు, గ్లాసుల చప్పుడు, "ఇటు పప్పు రానీండి" అన్న కేకలు మొదలయ్యాయి.

ఆయన ఆ చేతిని తిరిగి అన్నం మీద పెట్టి నిటారుగా కూర్చున్నారు. ఇంకేమీ తినలేదు. వడ్డించేవాళ్ళు వచ్చి "పెదనాన్నా, బూరి?" అంటే తల ఊపారు. ఏదీ వద్దనలేదు. వద్దంటే తినడం అయిపోయిందని అర్థం. అయిపోతే వరస లేవాలి. గుమ్మడికాయ పులుసు పొయ్యిమీంచి దిగినది దిగినట్టే వచ్చింది. వడ్డించే మనిషి తొందరలో గరిటెను వేళ్ళ మీదుగా వంచేశాడు. ఆవిరి లేచింది. మావగారి ముఖంలో ఏ మార్పూ లేదు. నేను లేవబోయాను. ఆయన నావైపు ఒక్కసారి చూశారు. నేను కూర్చుండిపోయాను.

పెరుగన్నం దాకా అందరూ నింపాదిగా తిన్నారు. ఆఖరివాడు చెయ్యి ఆపాక ఆయన లేచారు.

తొట్టి దగ్గర నీళ్ళు పోస్తూ చూస్తే, రెండు వేళ్ళ మీద చర్మం ఎర్రగా కంది, అంచున బొబ్బ పొడుస్తోంది. నా భార్య కొంగు తడిపి ఆ వేళ్ళకు చుట్టింది.

"సగంలో ఎవులైనా లెగిసిపోయారేటి?" అని ఆయన నన్ను అడిగారు.

"లేదు మావయ్యా. అందరూ కడుపునిండా తిన్నారు."

"అయితే సాల్లే."

తిరుగుదారిలో కారు ఆపి, అద్దాలు ఎత్తి, ఆమె ఆయనకు పెరుగన్నం తినిపించింది. నేను బయట రోడ్డువారన నిలబడ్డాను.

బొబ్బలు మానాయి. ఆయన మళ్ళీ ఏ శుభకార్యానికీ రానన్నారు. తర్వాత అదే ఊళ్ళో ఒక పెళ్ళికి మేమిద్దరమే వెళ్ళాం. మొదటి కుర్చీలో తమ్ముడు కూర్చున్నాడు. పప్పు సగం వరసకు చేరకముందే అటు చివరివాళ్ళు తినడం మొదలుపెట్టారు. అతను చూశాడు, ఏమీ అనలేదు, తానూ తిన్నాడు. నా భార్య బంతిలో కూర్చోలేదు. తండ్రికి కొంచెం క్యారేజీలో పెట్టించుకుని ఇంటికి తెచ్చింది.

గది తలుపు మూసింది. నేను వసారాలో ఉన్నాను. లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

"ముందర ఎవులు కూకున్నారే?"

ఆమె కాస్త ఆగి, "ఎవులూ కూకోలేదు నాన్నా. నీ కుర్సీ అలాగే ఒగ్గీసారు. ఇస్తరి కూడా ఏసి ఉంచారు," అంది.

తండ్రిని సంతోషపెట్టడానికి ఆమె ఎంచుకున్న అబద్ధం అది.

"తప్పది," అన్నారాయన. "తినీ మనిసి లేకుండా బంతిలో ఇస్తరి ఉండకూడదు. సిన్నాన్నకి పోన్ సేసి సెప్పు. ఇంక ఆ సోట ఆణ్ణే కూకోమను."

"అలాగే నాన్నా," అంది నా భార్య.

ఆ తర్వాత ఆమె బయటికి వచ్చి, వసారాలో నా పక్కనే కూర్చుంది. ఫోను చేతిలోకి తీసుకోలేదు.