పెంజెరె అంటే పంజరం కాదు

మొన్న ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్ రైలు స్టేషన్‌లో నా పక్కన నిలబడ్డ అమ్మాయి ఇన్‌హేలర్ తీసి నోట్లో కొట్టుకుంది. ఆ బుస్సుమనే చప్పుడు నా చెవిన పడింది. రైలు వచ్చినా ఎక్కలేక బెంచీ మీద కూలబడ్డాను. నెర్మిన్ అబ్లా గుర్తొచ్చింది. అబ్లా అంటే వాళ్ల టర్కీ భాషలో అక్క.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో, రెండువేల ఎనిమిది ప్రాంతంలో, మా అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకు వెళితే అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. పక్కింట్లో ఉండే నెర్మిన్ అబ్లా కూడా అంతే, కొడుకు వచ్చేదాకా ఒంటరి. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. నేను చదివింది మూడో తరగతి. ఫోను మోగితే దడ, ఎవరైనా తలుపు తడితే దడ. ఆవిడ మాత్రం మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి తన భాషలో పాఠం మొదలుపెట్టింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి "మాసనిన్ ఉస్తుందే" అంది. "ఏం వస్తుందే?" అన్నాను నేను. గ్లాసును సంచిలో పెట్టి "చాంతనిన్ ఇచిందే" అంది. ఎవరిచ్చిందో నాకు అర్థం కాలేదు. ఉస్తుందే అంటే మీద, ఇచిందే అంటే లోపల అని తెలిశాక ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నాం. మనలాగే వాళ్లూ వస్తువు ముందు చెప్పి, చోటు తర్వాత చెబుతారు. ఇంగ్లీషులో అది తిరగబడుతుంది, అందుకే నాకు నోరు తిరగలేదు. తప్పు చెబితే అబ్లా టీ పోసేది కాదు. కాచిన టీ చల్లారిపోయి పారబోయడం నాకు గిట్టదు, అందుకని త్వరగానే నేర్చుకున్నాను.

చలికాలం ఒక మధ్యాహ్నం గోడ మీద దబదబా చప్పుడైతే పరుగెత్తాను. తలుపు తీసే ఉంది. అబ్లా నేల మీద కూర్చుని ఊపిరి అందక కొట్టుకుంటోంది. పెదవులు నీలంగా మారాయి. ఆయాసం ఉందని తెలుసు, మందు ఎక్కడ పెడుతుందో తెలియదు. "నెరెదే?" అన్నాను, ఎక్కడ అని. "పెంజెరెనిన్... ఒనుందే" అంది. ఒనుందే అంటే ముందర. పెంజెరె మా పాఠంలో ఇంకా రాలేదు. పంజరం అనుకున్నాను. హాల్లో ఆవిడ పెంచుకునే పిట్ట పంజరం ఉంది మరి. దాని ముందు వెతికాను, కింద వెతికాను. పిట్ట బెదిరి రెక్కలు కొట్టుకుంటోంది. వెనక ఈలలాంటి ఆ ఊపిరి సన్నబడుతోంది. తిరిగి చూస్తే అబ్లా వేలు కిటికీ వైపు చాచి ఉంది. కిటికీ ముందర, పూలకుండీల మధ్య, ఇన్‌హేలర్.

నోటికి అందించాను. కాసేపటికి మొహంలో రంగు తిరిగింది. అబ్లా నా మణికట్టు పట్టుకుని లేచి, కిటికీ దగ్గరికి నడిపించి, చల్లటి అద్దానికి నా అరచేయి ఆనించింది. "పెంజెరె" అంది. ఏడుస్తూనే అన్నాను. "బిర్ దహా" అంది, మళ్లీ చెప్పమని. ఆ సాయంత్రం కొడుకు వచ్చేదాకా ఇల్లంతా తిప్పి, మందులున్న ప్రతి చోటూ నా నోట చెప్పించింది.

తర్వాత వాళ్లు వేరే ఊరు వెళ్లిపోయారు. నా భయం పోలేదు, దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం తెలిసింది. ఎవరింటికి వెళ్లినా కుర్చీలో కూర్చునే ముందు వాళ్ల మందులెక్కడుంటాయో అడుగుతాను. "అమ్మమ్మా, అది ప్రైవేట్ కదా, అలా అడగొద్దు" అంటుంది మనవరాలు.

"ఊపిరి ఆగాక అడగమంటావా?" అంటాను.

ఇంటివాళ్లు నవ్వుతారు. నవ్వుతూనే చూపిస్తారు.