మా నాన్న చేసిన కుస్తీ బండి

మా నాన్న ఆర్మీలో హవల్దారు. ఢిల్లీ కంటోన్మెంటులో బళ్లు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్. తొంభైల చివర్లో ఒక మార్చి నెలాఖరుకి ఆయన సర్వీసు అయిపోతుంది. ఆ తర్వాత క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నేనేమో పదకొండో క్లాసు మధ్యలో ఉన్నాను. ఇప్పుడు శ్రీకాకుళం వెళ్లిపోతే నా చదువు చట్టుబండలవుతుందని అమ్మ బెంగ. కాబట్టి నాన్నకి ఇక్కడే ఏదో ఒక ఉద్యోగం దొరకాలి.

నోయిడాలో చిన్న మోటార్లు చేసే ఫ్యాక్టరీ ఒకటుండేది. నాన్న రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ గేటు పక్క ఆఫీసులోనే డిప్లొమా ఉందా అని అడిగి పంపేశారు. ఇరవైనాలుగేళ్లు ఇంజన్లు విప్పి బిగించిన మనిషిని పట్టుకుని డిప్లొమా! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా వాళ్లని తిట్టడానికి నాకు నోరెలా వస్తుంది? నేను చేసినదాంట్లో వాళ్లు చేసింది పావు వంతు కూడా కాదు.

ఆ చలికాలంలో మా స్కూలుకొక నోటీసు వచ్చింది. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో రోబోల కుస్తీ పోటీ. సొంతంగా చేసిన యంత్రాలు బరిలో ఒకదాన్నొకటి తోసుకోవాలి, స్కూలు పిల్లలు కూడా రావచ్చు. జడ్జి ఎవరా అని చూస్తే ఆ నోయిడా ఫ్యాక్టరీ ఓనరే. ఇంటికొచ్చి చెప్పాను. నాన్న ఆ కాగితాన్ని నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు.

"అయితే ఓనరే సూస్తాడా? డిప్లొమా అడిగే గేటుకాడోడు కాదు గదా?"

"హాఁ పాపా, ఓనర్ హీ హై," అన్నాను. నాకు తెలుగు అర్థమయ్యేది గానీ నోటికి హిందీయే వచ్చేది.

"అయితే సేద్దాం. ఎవులు సేసేరని ఆయన అడుగుతాడు గదా, అప్పుడు నువ్వు ఇంగ్లీషులో సెప్పాల. మా నాన్న సేసేడు, ఈయనే, అని. నా కాయితాలు నానే ఇస్తాను. ఇంగ్లీషులో మాటాడ్డం ఒక్కటే నాకు రాదమ్మా."

అదీ మా ఒప్పందం. నేను చెయ్యాల్సిందల్లా ఒక్క మాట చెప్పడం.

ఇద్దరం మాయాపురి తుక్కు బజారుకి వెళ్లి, పాత కార్ల గుట్టల్లోంచి రెండు వైపర్ మోటార్లు ఏరుకొచ్చాం. ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని, ఇరుసు వేలితో తిప్పి, పనికిరానివి పక్కన పారేసేవాడు నాన్న. కొట్టువాడు విసుక్కున్నా వినిపించుకోలేదు. పాత స్కూటర్ బ్యాటరీ ఇంట్లోనే ఉంది. బండికి ముందు నేలని రాసుకుంటూ పోయే వాలు రేకు కావాలన్నాడు. అంత వెడల్పు రేకు ఎక్కడ దొరుకుతుందా అని వెతికి వెతికి చివరికి మా కూలర్ పక్క రేకే కోసేశాడు.

"ఒలమ్మో, కూలర్ కోసీసినారా! ఎండాకాలం నన్ను ఇసనకర్రతో ఇసరమంటారేటి?" అని అమ్మ లబోదిబోమంది.

"ఎండాకాలానికి కోటరే ఉండదు, ఇంక కూలరెందుకే?" అన్నాడు నాన్న.

ఆదివారాలు వెనక వరండాలో ఎండలో కూర్చుని చేసేవాళ్లం. చేసేవాళ్లం అంటున్నాను గానీ, నా వాటా ఎంతని! ఆయన నట్టు బిగించాక, నట్టు మీంచి రేకు మీదికి పసుపు రంగుతో నేనొక గీత గీయాలి. నట్టు వదులైతే గీత విరిగి కనబడుతుందట, వర్క్‌షాపులో వాళ్ల పద్ధతి అది. అన్నీ అయ్యాక పొడుగాటి వైరు చివర స్విచ్చులతో బండిని నడపడం నేర్చుకున్నాను. అంతే నా గొప్ప. పని చేస్తున్నంతసేపూ నాన్న ఏది ఎందుకో చెబుతూనే ఉండేవాడు.

"బ్యాటరీ సక్రాల మీదే ఉండాలమ్మా. బరువు లేనికాడ పట్టుండదు. పట్టు లేనోడు ఎంత బలవంతుడైనా జారతాడు."

పోటీ రోజు బండిని గోధుమపిండి సంచిలో పెట్టుకుని బస్సెక్కాం. నాన్న ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. సర్వీసు కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి చంకలో పట్టుకున్నాడు. కాలేజీలో మేం సంచి విప్పగానే పక్క బల్ల దగ్గరి కుర్రాళ్లు చూసి నవ్వారు. వాళ్లు మా స్కూలువాళ్లే, నా సీనియర్లు.

"పాపా నే బనాకే దియా హోగా," అన్నాడొకడు.

"జీ నహీఁ! మైఁనే ఖుద్ బనాయా హై," అన్నాను. నాన్న చేసిచ్చి ఉంటాడని వాడంటే, కాదు నేనే చేశానని రోషంగా. నాన్న విన్నాడు. పిల్లల పోట్లాట అనుకున్నాడో ఏమో, చిన్నగా నవ్వి వైర్లు సర్దుకున్నాడు.

మూడు కుస్తీలు గెలిచాం. మా కూలర్ రేకు ఎదుటి బండి కిందకి దూరిపోయేది, అది రేకు మీదికెక్కి చక్రాలు గాల్లో తిప్పుకుంటూ ఉంటే నేను బరి బయటికి తోసేసేదాన్ని. చివరిదాంట్లో ఆ సీనియర్ల బండి బోర్లా పడింది. హాలంతా చప్పట్లు. నా జన్మలో అన్ని చప్పట్లు నాకోసం మోగలేదు. తలకెక్కింది, దాచడమెందుకు.

ఓనర్ బరిలోకి వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని బండిని తిరగేసి చూశాడు. పసుపు గీతల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. బ్యాటరీ అక్కడెందుకు పెట్టారని ఇంగ్లీషులో అడిగాడు. నాన్న మాటనే ఇంగ్లీషులోకి తిప్పి గడగడా చెప్పాను. బరువు లేనిచోట పట్టుండదు సర్, పట్టు లేకపోతే బలం దండగ.

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడు మా ఫ్యాక్టరీలో ఉంటే చాలని వెతుకుతున్నాను. ఎవరు చేశారిది?" అన్నాడు.

అదే మాట. మేం ఎదురుచూసిన మాట. నాన్న మూడడుగుల దూరంలో ఉన్నాడు. కవర్లోంచి కాగితాలు అప్పటికే సగం బయటికి తీశాడు. అటుపక్క ఆ కుర్రాళ్లు చేతులు కట్టుకుని నా నోటి వంకే చూస్తున్నారు.

"నేనే సర్," అన్నాను.

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేరు సర్. నాకు నేనే."

నా నోరు పడిపోయినా బాగుండేది. ఆ మాటలు అర్థమయ్యేంత ఇంగ్లీషు నాన్నకి వచ్చు. ఓనర్ ఆయన వైపు తిరిగి, మీరెవరని హిందీలో అడిగాడు. నాన్న కాగితాలు మెల్లగా కవర్లోకి తోసేసి, అలవాటు కొద్దీ నిటారుగా నిలబడ్డాడు.

"ఫాదర్ హూఁ, సర్. సామాన్ ఉఠానే ఆయా హూఁ."

సామాను మోయడానికి వచ్చానన్నాడు. నాకు మొదటి బహుమతీ, ఇంజినీరింగ్ అయ్యాక వచ్చి కలవమని ఓనర్ కార్డూ వచ్చాయి. తిరుగు బస్సులో సీటు దొరికితే నన్ను కూర్చోమని, సంచి తన భుజానే ఉంచుకుని నిలబడ్డాడు నాన్న. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని, ఏడిస్తే నిజం చెప్పేసేదాన్నేమో.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ జరిగిందంతా రాబట్టి ఆయన్ని నిలదీసింది. నేను పక్కగదిలోనే ఉన్నాను.

"నానే సేసేనని ఎల్లి సెప్పొచ్చు గదా! ఆ సేతులు సూస్తే తెలీదేటి ఆళ్లకి?"

"ఎల్తే ఏటవుతాది? గుంట అబద్ధమాడిందని తెలిసిపోద్ది. పదిమందిలో నవ్వులపాలవుతాది. ఒగ్గీయే, ఇంక ఆ ఊసెత్తకు."

కార్డు నా పెట్టెలో ఉంది. దాని మీద ఫోన్ నంబరుంది. క్వార్టర్ల బయటే పబ్లిక్ టెలిఫోన్ బూత్. ఫిబ్రవరి అయిపోయింది, మార్చి అయిపోయింది. రేపు చేస్తాను, రేపు చేస్తాను అనుకున్నాను. చెయ్యలేదు. చేసే ఉద్దేశం నాకు నిజంగా ఉందా అంటే, లేదు.

నాన్న నోయిడా పక్కన ఇందిరాపురంలో అప్పుడప్పుడే లేస్తున్న ఫ్లాట్లకి సెక్యూరిటీ గార్డు అయ్యాడు. మళ్లీ యూనిఫామ్, మళ్లీ సెల్యూట్. చిన్నాపెద్దా ప్రతి కారుకీ సెల్యూట్. నేను ఇంజినీరింగ్‌లో చేరాను, ఆ బహుమతి గురించి ఇంటర్వ్యూలో గొప్పగా చెప్పుకుని మరీ.

రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం అన్నం క్యారేజీ పట్టుకుని ఆ ఫ్లాట్ల గేటు దగ్గరికి వెళ్లాను. నాన్న కింద కూర్చుని ఎవరిదో ఆగిపోయిన స్కూటర్ బాగుచేస్తున్నాడు. కిక్కు కొట్టగానే అది స్టార్టయింది. స్కూటరాయన ఆశ్చర్యపోయి, గార్డు పని చేసుకునేవాడివి ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావన్నాడు.

"బేటీ నే సిఖాయా, సర్," అన్నాడు నాన్న చేతులు తుడుచుకుంటూ. "ఇంజినీరింగ్ పఢ్‌తీ హై." కూతురు నేర్పిందట. నన్ను చూపించి మరీ చెప్పాడు.

స్కూటరాయన నావైపు తిరిగి, "వెరీ గుడ్," అన్నాడు.

నేను థాంక్యూ అన్నాను.